అద్దాలెత్తిన కారు

మేమిద్దరం పోట్లాడుకోవడానికే కారు కొన్నామని మా వదిన ఎవరితోనో నవ్వుతూ అందట. సరదాకి అన్నా అందులో అబద్ధమేమీ లేదు. అమ్మ, అన్నయ్య, వదిన, వాళ్ళ ఆడపిల్లలు, మేమిద్దరం, అందరం ఒకే ఫ్లాటులో ఉంటాం. గోడలు పల్చన. ఇక్కడ తుమ్మితే పక్క గదిలోంచి అమ్మ ఆవిరి పట్టమంటుంది.

అలాంటి ఇంట్లో మాకంటూ ఉన్న గది కారు. సాయంత్రం ఏదో కొనాలని వంక పెట్టుకుని కిందికి దిగేవాళ్ళం. అద్దాలెత్తి, ఏసీ వేసి, ఊరికే వీధులన్నీ చుడుతూ మాట్లాడుకునేవాళ్ళం. ఇంట్లో నన్ను ‘మీరు’ అనే నా భార్య అద్దాలెత్తగానే ‘నువ్వు’లోకి దిగేది. నాకది ఎంత ఇష్టమో ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు.

ఆ గదిలోనే ఒక సాయంత్రం అడిగింది. తన ఆఫీసు దగ్గర చిన్న ఇల్లు అద్దెకుంది, వెనక బట్టలారేసుకునే జాగా కూడా ఉంది, ఇంటివాళ్ళు ఆదివారం దాకా ఆగుతామన్నారు, వెళ్దామా అని. ఆలోచిద్దాం అన్నాను. నా నోట ఆ మాట వస్తే అర్థమేమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మకి చెప్పే ధైర్యం నాకు లేదని ఆమెకి తెలుసు. ఆమెకి తెలుసని నాకూ తెలుసు.

ఆ మర్నాడే ఏసీ పాడైంది. ఫ్యాను ఎంత పెంచినా హోరే తప్ప గాలి లేదు. ఆ ఎండలకి అద్దాలు దించక తప్పలేదు, దించాక అది వట్టి కారు. పక్కన స్కూటరు ఆపినవాడు వింటుంటే సొంత మాటలు ఏం మాట్లాడతాం? ఆమె ‘మీరు’లోకి వెళ్ళిపోయింది. ఇంటి సంగతి మళ్ళీ ఎత్తలేదు. నాకు ప్రాణం హాయిగా ఉంది. ఆ హాయి ఎక్కడిదో తెలిశాక నా మొహం నాకే చూసుకోబుద్ధి కాలేదు.

షెడ్డుకిస్తే పూటలో అయ్యే పని. దీనికి షెడ్డెందుకు, నేనే చేస్తానన్నాను. కళ్ళజోడు మర బిగించడం తప్ప ఇంకో మరమ్మతు ఎరగనివాణ్ణి కాబట్టి ఇంట్లో ఎవరూ నమ్మలేదు. అన్నయ్య మాత్రం గ్యాస్ అయిపోయి ఉంటుందని తేల్చేశాడు. వదినకి గుండెల్లో నొప్పి వచ్చినప్పుడు కూడా ఆయన గ్యాసే అన్నాడు. వారమంతా రేపు, ఎల్లుండి అంటూ గడిపాను. చివరికి శనివారం మధ్యాహ్నం నా భార్యే టార్చి పట్టుకుని వచ్చి కారు దగ్గర నిలబడింది.

అమ్మ పార్కింగ్ మెట్ల మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఫోన్లో వీడియో చూసుకుంటూ బానెట్ ఎత్తి, ఇంజనూ ఏసీ వేశాం. కంప్రెసర్ టక్కుమని అందుకుంది. కారు లోపల్నించి వచ్చే గొట్టం ముట్టుకుంటే మంచుగడ్డలా ఉంది, దాని ఒళ్ళంతా నీటిచుక్కలు. అంటే గ్యాస్ ఉంది. చల్లదనం తయారవుతూనే ఉంది, మనుషుల దాకా రావడం లేదు. ఆ గొట్టం మీద చెయ్యి అవసరం కన్నా ఎక్కువసేపే ఉంచాను.

ఇక చూడాల్సింది గాలి వచ్చే దారి. పక్క సీటు ముందున్న సామాన్ల అర పక్కలు నేను లోపలికి నొక్కుతుంటే ఆమె లాగింది. ముందే ఖాళీ చెయ్యాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. పిల్లల క్లిప్పులు, ఒంటరి చేతి తొడుగు, కరిగి మళ్ళీ గట్టిపడిన చాక్లెట్టు, అన్నీ ఆమె ఒళ్ళో పడ్డాయి. ఆమె పకపకా నవ్వింది. ఆ వారంలో అదే మొదటి నవ్వు. అర వెనకనున్న సన్నటి మూత తీసి ఫిల్టర్ లాగితే దుమ్మూ వెంట్రుకలూ పట్టి కంబళి ముక్కలా బయటికొచ్చింది. ఇన్నాళ్ళూ దీంట్లోంచా ఊపిరి పీల్చారు అని అమ్మ మెట్ల మీంచే ఆశ్చర్యపోయింది.

వీధి చివరి కొట్లో కొత్తది దొరికింది. దాని అంచున బాణం గుర్తుంది. గాలి పోయే వైపుకి అది ఉండేలా పెట్టి, మూత బిగించి, ఏసీ వేశాను.

చన్నీళ్ళు జల్లినట్టు మొహానికి కొట్టింది గాలి.

“సరిగ్గా రావట్లేదు” అన్నాను. నా ప్రమేయం లేకుండానే నా నోరు అనేసింది. ఇంజన్ ముందున్న జాలీ కూడా కడగాలేమో, వచ్చే వారం చూద్దాం అని కూడా అంది అదే నోరు.

ఆమె గాలికి అరచెయ్యి అడ్డం పెట్టింది. మోచేతి దాకా రోమాలు లేచి నిలబడటం నాకు కనబడుతోంది. నా వైపు చూడలేదు.

“అవును. రావట్లేదు” అంది.

ఆ గొంతులో ఎత్తిపొడుపు ఉంటే బతికిపోయేవాణ్ణి. లేదు. పసివాడు కళ్ళు మూసుకుని దాక్కున్నాననుకుంటే, ఎదురుగానే ఉన్నవాణ్ణి ఏడీ, ఏడీ అని వెతికే మనిషి గొంతు అది. రేపు ఆదివారం. ఆ ఇల్లు చెయ్యి జారిపోతుందని తెలిసే నా అబద్ధానికి వంత పాడింది. తనకి ఇష్టమైన ఇల్లు వదులుకుని, నా భయానికి ఇంకో వారం గడువిచ్చింది. నేను ఇన్నాళ్ళూ ఎవర్ని చూసి భయపడ్డానో ఒక్క క్షణం అర్థం కాలేదు.

తలుపులు వేసి అద్దాలెత్తాను.

“చలేస్తోందా?”

“వణికి చస్తున్నాను. తగ్గించు.”

“పొద్దున్నే ఇల్లు చూసొద్దాం. అమ్మకి నేను చెప్తాను.”

“ఎప్పుడు?”

“పైకెళ్తే ఎప్పటికీ చెప్పను. ఇప్పుడే, ఇక్కడే.”

ఆమె దిగి మెట్ల దగ్గరికి వెళ్ళి, అమ్మ ఒళ్ళోంచి పళ్ళెం అందుకుని, మీ అబ్బాయి పనితనం చూద్దురు గాని రండి అత్తయ్యా అని చెప్పి, తను ఆ మెట్టు మీదే కూర్చుంది. మా వైపు చూడకుండా బఠాణీలు ఒలవడం మొదలుపెట్టింది.

అమ్మ చేతులు చెంగుకి తుడుచుకుని నా పక్కన కూర్చుంది. తలుపు వేశాను. గాలికి మొహం పెట్టి కళ్ళు మూసుకుంది.

“బానే వస్తోంది కదరా. రావట్లేదన్నావేం?”

స్టీరింగు మీద చేతులు పెట్టి, ఎదుటి గోడ వైపు చూస్తూ అన్నాను.

“మేం వేరే ఇల్లు తీసుకుందామనుకుంటున్నాం అమ్మా.”

అమ్మ కళ్ళు తెరిచి మెట్ల మీదున్న కోడల్ని చాలాసేపు చూసింది.

“ఎంత దూరం?”

“అరగంట.”

“బస్సుందా?”

“ఉంది. అయినా నేనొచ్చి తీసుకెళ్తాను.”

అమ్మ చెయ్యి చాచి, తన మొహానికి కొడుతున్న గాలిని నా వైపు తిప్పింది.

“చెమటలు కారిపోతున్నాయి నీకు” అంది.