తొడుగు మీద చెయ్యి

ఎల్‌ఈడీ దీపంలోని నీలికాంతి తీవ్రతను తగ్గించి, కళ్లకు హాయినిచ్చే ఫాస్ఫర్ పూతను దేవీప్రసాద్ తన ప్రయోగశాలలో తయారుచేశాడు. ఆ పూత పూసిన తొడుగులతో దీపాలను నిరుడు చలికాలంలో అరకు పైకొండల్లోని ఒక గూడేనికి పరీక్ష కోసం పంపాడు. ముత్యాలమ్మ ఇంట్లో దీపం ఆర్పినా వెలుగు మిగులుతోందని కబురు రావడంతో, ఆ తొడుగు మార్చడానికి ఈ సాయంత్రం వచ్చాడు.

ముత్యాలమ్మ కుడుతున్న అడ్డాకుల విస్తరిని పక్కన పెట్టి స్విచ్ నొక్కి దీపం ఆర్పింది. మసక గదిలో తొడుగు మీద ఒక అరచెయ్యి లేతపచ్చగా మిగిలింది. దాని చూపుడువేలు సగమే ఉంది.

"మా మావ," అందామె. "గొడ్డలి దెబ్బకి ఆ యేలు పోనాది. మొన్న వానల్లో జొరమొచ్చి ఆడూ పోనాడు. దీపం ఆర్పితే సాలు, వత్తాడు."

ఆ దీపాన్ని బిగించినవాడు, ఆమె మావ అంటున్న భర్త మల్లేశే. దేవీప్రసాద్ ఓపికగా వివరించాడు. "మంచుకి పూత సరిగ్గా ఆరి ఉండదమ్మా. బిగించేటప్పుడు చెయ్యి ఆనించి ఉంటాడు, అతని చెమట అందులో కలిసి, అక్కడ కాంతి చిక్కుకుని మెల్లగా బయటికొస్తోంది. దయ్యం కాదు. తొడుగు తీసుకెళ్లి, మా ప్రయోగశాలలో గీకి చూస్తే రుజువవుతుంది."

"అయితే ఆ సెమట మావదే కదేటి?"

"అతనిదే."

"మరింకేటి బాబూ! మావని సంచీలో ఏసుకుని పట్టుకుపోయి గీకుతావేటి?"

ఆమె నవ్వింది. కానీ అతని సంచీ మూతిని గట్టిగా పట్టుకుంది.

దేవీప్రసాద్ కొత్త తొడుగును బయటికి తీయలేదు.

"ఇంకొక్కసారి వేసి ఆర్పమ్మా," అన్నాడు.

చెయ్యి మళ్లీ వచ్చింది. కొలత చూద్దామని తన అరచేతిని దాని దగ్గరకు తీసుకెళ్లి, తాకకుండానే ఆపేశాడు. అంత చలిలోనూ తన అరచెయ్యి చెమర్చి ఉంది.