పైనుంచి పిలిస్తే పలకని మిషన్

నా తోడికోడలంటే నాకు కుళ్ళు. ఈ మాట ఇంకొకరు నా వెనక అనుకునేలోపు నేనే అనేస్తే ఓ పని అయిపోతుంది. ఆవిడ పొడుగ్గా ఉంటుందనో, నవ్వు బాగుంటుందనో కాదు. నా మెట్లగదిలో అడుగు పెట్టిందని.

మాది ప్రింటింగ్ ప్రెస్సు. కింద అచ్చు మిషన్లు, పైన పేజీలు డిజైన్ చేసేవాళ్ళు, మధ్యలో మెట్ల మలుపు దగ్గర బీరువాకంటే కాస్త పెద్ద గది. కంప్యూటర్లన్నిటినీ కలిపే తీగలు ఆ గదికే వస్తాయి. ఆ తీగలు లాగించింది నేను. ప్రతి మిషన్‌కీ ఐపీ అడ్రస్ ఇచ్చి, చీటీ మీద నా చేత్తో రాసి అంటించింది నేను. గది తాళంచెవి నా నడుముకే వేలాడేది. "పెద్దమ్మాయ్, ఇంటర్నెట్ రావడం లేదు" అని మామగారు కేకేస్తే, ఆ తాళంచెవి తిప్పుకుంటూ మెట్లెక్కడంలో ఉన్న దర్జా ఎక్కినవాళ్ళకే తెలుస్తుంది.

అలాంటి ఇంట్లోకి మా మరిది పెళ్ళి చేసుకుని తెచ్చింది ఎవరిని? పెద్ద ఆస్పత్రిలో నెట్‌వర్కులు నడిపిన ఇంజినీరుని. లోకంలో టీచర్లు లేరా, నర్సులు లేరా! రెండు కొప్పులు ఒకచోట ఇమడవంటారు. మా ఇద్దరివీ పొట్టి జుట్లే, కొప్పుల గొడవ లేదు. గొడవంతా రౌటర్ దగ్గరే.

వచ్చీ రాగానే భోజనాల దగ్గర మొదలుపెట్టింది.

"మావయ్యా, కిందా పైనా అంతా ఒకే నెట్‌వర్కు మీద ఉంది. ఒకళ్ళ కేకలు అందరికీ వినపడుతున్నాయి. అందుకే పని నత్తనడక నడుస్తోంది. రెండుగా విడగొడదాం. మధ్యలో రౌటర్ పెడితే అటుదిటూ ఇటుదటూ అదే అందిస్తుంది."

"ఎంత బాగా చెప్పావమ్మా!" అన్నారు మామగారు. నేను తీగలు లాగించినప్పుడు ఆయన అన్న ఒకే ఒక్క మాట, గోడలకి మేకులు ఎక్కువ కొట్టించకని. "ఇది సవ్యంగా జరిగితే ఇక మెట్లగది చిన్నమ్మాయి చూసుకుంటుంది. నువ్వు కాస్త విశ్రాంతి తీసుకుందువుగాని, పెద్దమ్మాయ్."

నాకు విశ్రాంతి కావాలని ఆయనతో ఎవరు మొరపెట్టుకున్నారు? ఎదురుగా కూర్చున్న ఆవిడని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

పై అంతస్తు పని ఆవిడ తీసుకుంది, కింది అంతస్తు నాకు వదిలింది.

"అక్కా, కింద అడ్రసులు మార్చక్కర్లేదు. మాస్క్ ఒక్కటి మార్చు, చాలు."

మాస్క్ అంటే తన వీధి ఎంతవరకో మిషన్‌కి చెప్పే అంకె. వీధిలోవాళ్ళని మిషన్ నేరుగా పిలుస్తుంది. వీధి దాటి పోవాల్సింది ఏదైనా రౌటర్ చేతిలో పెడుతుంది. ఇదివరకు మా ప్రెస్సంతా ఒకే వీధి. ఇకమీద కింద ఒకటి, పైన ఒకటి.

అన్నిటికీ మార్చుకుంటూ వచ్చాను. ప్లేటు మిషన్ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. పైన తయారైన పేజీలు దాని మీద ప్లేట్లుగా దిగితేనే అచ్చు మొదలవుతుంది. ఈ ప్రెస్సులో నేను అడ్రస్ ఇచ్చిన మొట్టమొదటి మిషన్ అది. దాని మీద కూడా ఆవిడ అంకేనా? అడ్రస్ అదే ఉంది కదా, మాస్క్ మారకపోతే కొంపేం మునుగుతుందని వదిలేశాను.

కొంప మునిగింది. మర్నాడు పొద్దున బడిపుస్తకాల పని మొదలుపెడితే పైనుంచి పంపిన పేజీ ఒక్కటీ దిగలేదు. కింది కంప్యూటర్ నుంచి పంపితే ప్లేటు మిషన్ చక్కగా తీసుకుంటోంది. పైనుంచి పంపితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. సంగతేమిటో నాకు వెంటనే అర్థమైంది. పాత మాస్క్ ఉంది కనక, పై అంతస్తు కూడా ఇంకా తన వీధేననుకుంటోంది నా మిషన్. పైనుంచి వచ్చిన పిలుపు దానికి అందుతూనే ఉంది. జవాబు మాత్రం రౌటర్‌కి ఇవ్వకుండా, తన వీధిలోనే నిలబడి అక్కడ లేనివాళ్ళని కేకేస్తోంది.

అర్థమైనా నోరు విప్పలేదు. మెట్లగది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. లోపల ఆవిడ రౌటర్ ముందు కూర్చుని ఏదో టైపు చేస్తోంది. పక్కన మామగారు విరుచుకుపడుతున్నారు.

"ఇన్నేళ్ళూ నడిచినదాన్ని కెలికిపెట్టావు కదమ్మా! పుస్తకాలవాళ్ళకి ఏం చెప్పమంటావు?"

ఆవిడ తల వంచుకుంది. నా చెవులకి ఎంత హాయిగా ఉందో! ఆయన అక్కడితో ఆగి ఉంటే ఇంకాసేపు వినేదాన్నే.

"మీ ఇద్దరి వల్లా కాదు. బయటివాణ్ణి పిలిచి ఈ గది వాడికి అప్పజెప్పేస్తాను."

ఇద్దరి వల్లానా! నేనేం చేశానని అనబోయి, ఏం చేశానో గుర్తొచ్చి, కిందికి పరుగెత్తాను. ప్లేటు మిషన్‌లో 255.255.0.0 చెరిపి, కొత్త మాస్క్ కొట్టి, మిషన్ ఆపి మళ్ళీ వేశాను. కాసేపటికి పైనుంచి మొదటి పేజీ దిగింది. "వచ్చేసింది!" అని ఆపరేటర్ అరిచిన అరుపు పై అంతస్తు దాకా వినిపించింది.

సరిగ్గా అప్పుడే ఆవిడ రౌటర్ మీద ఏదో నొక్కిందట. నేను మెట్లెక్కేసరికి అందరూ ఆవిడ చుట్టూ చేరి ఉన్నారు.

"శెభాష్ చిన్నమ్మాయ్! తొందరపడి మాటన్నాను, ఏమనుకోకు." మామగారు నావైపు చెయ్యి చాపారు. "ఆ తాళంచెవి ఇలా ఇవ్వమ్మా."

బాగుచేసింది నేను. ఆ మాట బయటికి అంటే, చెడగొట్టింది ఎవరన్న ప్రశ్న దాని వెంటే వస్తుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడి, నడుము దగ్గర తాళంచెవి తియ్యడం మొదలుపెట్టాను. అది ఓ పట్టాన ఊడి రాలేదు.

"నేనేం చెయ్యలేదు మావయ్యా," అంది తోడికోడలు. "అక్క కిందికెళ్ళి ప్లేటు మిషన్ సరిచేసింది. అందుకే నడిచింది."

"అలాగా! మరి చెప్పవేంటి పెద్దమ్మాయ్? అయితే తాళం నీ దగ్గరే ఉండనీ."

ఎలా చెడిందని ఆయన అడగలేదు. మిషన్లు వాటంతటవే చెడిపోతాయని ఆయన నమ్మకం. అందరూ వెళ్ళాక తలుపు దగ్గరగా వేసి ఆవిణ్ణి నిలదీశాను.

"సరిచేసింది నేనని నీకెలా తెలుసు?"

"రౌటర్ నుంచి పిలిస్తే ప్లేటు మిషన్ పలుకుతోంది. పైనుంచి పిలిస్తే పలకట్లేదు. మిగతావన్నీ బాగానే ఉన్నాయి. ఇంకేముంటుంది అక్కా, ఆ ఒక్కదానికే మాస్క్ మారలేదు."

"ఎప్పుడు తెలిసింది?"

"మావయ్య రాకముందే."

"మరి అన్నేసి మాటలు పడుతూ కూర్చున్నావేం? చెప్పెయ్యచ్చుగా!"

"చెబితే నీ గది పోతుందిగా. నువ్వే వెళ్తావులే అని చూశాను. కొంచెం ఆలస్యంగా వెళ్ళావు" అని రౌటర్ వైపు తిరిగిపోయింది.

అంటే, నేను గుమ్మంలో నిలబడి ఆవిడ తింటున్న చీవాట్లకి మురిసిపోతున్నంతసేపూ ఆవిడకి అంతా తెలుసు. తెలిసి కూడా ఒక్కసారైనా నావైపు తల తిప్పలేదు. సిగ్గుతో సగం, కుళ్ళుతో సగం నా ఒళ్ళు మండిపోయింది. పనే కాదు, మంచితనం కూడా ఆవిడకే నాకంటే బాగా వచ్చు. దీనికి ఎవరి మీద పడి ఏడవను?

మర్నాడు తాళాలు చేసేవాడి దగ్గరికెళ్ళి రెండో తాళంచెవి చేయించాను. భోజనాల దగ్గర ఆవిడ కంచం పక్కన పెట్టాను.

"మెట్లగదిది. ప్లేటు మిషన్ మాత్రం నన్నడక్కుండా ముట్టుకోకు."

ఆవిడ నవ్వి, సంచిలోంచి సన్నటి వెండి గొలుసు తీసి దానికి తగిలించుకుంది. ఆ గొలుసు కూడా నాదానికంటే బాగుంది.