అడగని బడి

మూతపడిన రంగుల దుకాణం మీద, మేడలో రెండు గదుల బడి అది. పెద్ద బడుల్లో ఇమడలేక, పరీక్షలు తప్పి, తిట్లు తిని, చివరికి చదువు అబ్బని మొద్దులని ముద్ర వేయించుకున్న పిల్లలు అక్కడికి చేరేవారు. గంట లేదు, బెత్తం లేదు, హాజరు పట్టీ అసలే లేదు. దుకాణంవాళ్ళు వదిలేసి వెళ్ళిన డబ్బాలతో రంగులు కలుపుతూ పిల్లలు భిన్నాలు నేర్చుకునేవారు. ఒకటికి మూడు పాళ్ళు తెలుపు కలిపిన నీలం గోడకు ఒక పక్క, ఒకటికి ఐదు కలిపింది ఇంకో పక్క. లెక్క తప్పితే ఆ గోడే చెప్పేది, ఎవరూ నోరు చేసుకోనక్కర్లేదు.

ఆ బడికి ఉన్నది ఒకే ఒక్క నియమం. మానేసిన పిల్లలను ఎందుకు రాలేదని అడగకూడదు. వచ్చిన రోజు, నిన్ననే చూసినట్టు పలకరించి పక్కన కూర్చోబెట్టుకోవాలి. అంతే.

ఈ నియమం పెట్టిన టీచరమ్మ వెర్రిబాగుల మనిషేం కాదు. ఇరవై ఏళ్ళు పెద్ద బడిలో పనిచేసింది. అప్పట్లో మానేసిన పిల్లలను లేపి నిలబెట్టి ఆరా తీయడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఒకసారి నాలుగు రోజుల తర్వాత వచ్చిన పిల్లాడిని అందరి ముందూ నిలదీసింది. వాడు నేల చూపులు చూస్తూ, "అమ్మ చచ్చిపోయింది టీచర్" అన్నాడు. మర్నాటి నుంచి వాడు బడి గడప తొక్కలేదు. ఆ సిగ్గు ఆమెకు తిండి సయించనివ్వలేదు. ఉద్యోగం వదిలేసి ఈ మేడలో బడి పెట్టింది. తప్పు దిద్దుకోవాలనే మనసు మంచిదే, ఎవరు కాదంటారు? కాకపోతే గోతిలో పడి లేచినవాడు భయపడి వెనక్కి గెంతితే, వెనకాల నుయ్యి ఉండడం కూడా కద్దు.

ఆ బడి పిల్లల్లో ఒకతెకు "తలుపుచాటు" అని పేరు పడింది. మొదటి మూడు నెలలూ తలుపు పక్కనే, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే ఇట్టే జారుకోవచ్చని. తల్లీ తండ్రీ లేరు. మేనత్త ఇంట్లో నాయనమ్మతో పాటు ఉంటోంది. పెద్ద బడిలో రెండుసార్లు తప్పింది. ఇక్కడికీ ఒక వారం వచ్చేది, ఒక వారం మానేసేది. ఎవరూ ఏమీ అడగలేదు. మెల్లగా మానడం తగ్గింది. తలుపు వదిలి గోడ దగ్గరికి, గోడ వదిలి బల్ల దగ్గరికి జరిగింది. ఏడాది తిరిగేసరికి, "ఓయ్, మూడు పాళ్ళంటే మూడు గరిటెలు, నీ ఇష్టం వచ్చినన్ని కాదు" అని చిన్నపిల్లలను గదమాయిస్తుంటే విని, టీచరమ్మ పక్క గదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

ఆ ఏడే ఆ పిల్ల పరీక్షకు కట్టింది. బడి మానేసిన పిల్లలు బయటి నుంచి రాసే పరీక్ష, ఏడాదికి ఒక్కసారి వస్తుంది. అది గట్టెక్కితే, ఆసుపత్రిలో నర్సులకు సాయపడే పని నేర్పే చోట చేరవచ్చు. నాయనమ్మకు వేళకు మందులు వేయడం, ఒళ్ళు తుడవడం, నాడి చూడడం ఆ పిల్లకు అప్పటికే కొట్టిన పిండి. మేనత్త మాత్రం ముందే తేల్చి చెప్పింది. "ఈ ఒక్కసారికి ఊరుకుంటా. కుదరలేదా, లాండ్రీలో చేరిపోవాలి. మళ్ళీ పరీక్ష అంటే ఒప్పుకునేది లేదు."

పరీక్ష ఇరవై రోజులుందనగా తలుపుచాటు రావడం మానేసింది.

మొదటి వారం టీచరమ్మ పెద్దగా దిగులు పడలేదు. ఇలాంటివి ఎన్ని చూడలేదు! రెండో వారం మొదలయ్యాక, లెక్కలు చెప్పడానికి వచ్చే ముసలి మాస్టారు ఉండబట్టలేకపోయాడు.

"ఏమ్మా, ఆ పిల్ల ఇంటికి ఒకసారి వెళ్ళొస్తే పోదూ? రెండు వీధుల అవతలే కదా."

"వస్తుంది బాబాయ్‌గారూ. ప్రతిసారీ తనంతట తనే వచ్చింది. మనం వెంటపడితే బెదిరిపోతుంది."

"వెంటపడమన్నానా? ఊరికే ఓసారి కనపడమంటున్నా."

"ఒక్కరి కోసం మాట తప్పితే మిగతా పిల్లలు మనల్ని నమ్ముతారా? మీరు కూడా వెళ్ళకండి, దయచేసి."

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు తల్లీ" అని గొణుక్కుంటూ ఆయన సుద్దముక్క అందుకున్నాడు.

హాల్‌ టికెట్టు వచ్చింది. దాని మీది ఫోటోలో పిల్ల నవ్వాలో వద్దో తెలియక పెదవులు బిగించి ఉంది. టీచరమ్మ దాన్ని సొరుగులో పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. పరీక్ష ఆరు రోజులుందనగా మధ్యాహ్నం ఇక మనసు ఆగలేదు. చెప్పులు వేసుకుని బయల్దేరింది.

ఆ పిల్ల ఉండే సందు మొదట్లో కుళాయి ఉంది. అక్కడి దాకా వెళ్ళి ఆగిపోయింది. ఏమని పిలవాలి? ఏం చెప్పాలి? ఏ మాట పేర్చుకున్నా తిరిగి తిరిగి ఎందుకు రాలేదనే ప్రశ్న దగ్గరికే వస్తోంది. నేల చూపులు చూసిన ఆ పిల్లాడి మొహం కళ్ళకు కట్టింది. బిందెలు నిండేదాకా అక్కడే నిలబడి, వెనక్కి తిరిగింది. మేడ మెట్లు ఎక్కుతున్నప్పుడు మాట నిలబెట్టుకున్నానని కాస్త గర్వం కూడా కలిగింది. మనిషి బుద్ధి అంత చిత్రమైనది.

పరీక్ష రోజు పొద్దున్నే వెళ్ళి, హాల్‌ టికెట్టు పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. పిల్లలు లోపలికి పోతూనే ఉన్నారు. ఆఖరున కాపలావాడు గేటు మూసి, "మీవాళ్ళు ఎవరైనా రావాలా అమ్మా?" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అక్కణ్ణుంచి తిన్నగా మేనత్త ఇంటికి వెళ్ళింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది.

"ఇప్పుడు గుర్తొచ్చిందా మీకు?" అంది మేనత్త, గుమ్మం దాటనివ్వకుండా. "లాండ్రీలో ఉంది. వెళ్ళి చూసుకోండి."

లాండ్రీ ఆవరణ నిండా ఆసుపత్రి దుప్పట్లు గుట్టలుగా పడి ఉన్నాయి. పిల్ల వెనక గుమ్మంలోంచి వచ్చింది. వేడి నీళ్ళలో నాని వేళ్ళు ముడతలు పడ్డాయి. కోపంగా లేదు. అది చూసే టీచరమ్మకు భయం వేసింది.

"నాయనమ్మ స్నానాల గదిలో పడింది టీచర్. తుంటి విరిగింది. నాలుగు రోజుల్లో వచ్చేద్దామనుకున్నా. రోజులు పెరిగిపోయాక ఏ మొహం పెట్టుకుని రావాలో తెలియలేదు. నీ బడి నుంచి ఒక్క పురుగైనా వచ్చి అడిగిందా అని అత్త రోజూ దెప్పేది. మా టీచర్ వస్తుంది, చూస్తూ ఉండు అనేదాన్ని."

"అడిగితే నువ్వు ఇక ఎప్పటికీ రావేమోనని భయపడ్డానమ్మా."

"మొదట్లో అడిగుంటే రాకపోయేదాన్నే. ఇప్పుడు అలా కాదు కదా టీచర్. ఇప్పుడు నేను మీ పిల్లననుకున్నా."

టీచరమ్మ "వచ్చే ఏడాది..." అంది.

"మూడేళ్ళు చేస్తానని ఒప్పుకున్నా. మధ్యలో మానకూడదట." పిల్ల తడి చేతులు తుడుచుకుంది. "ఆ రోజు మీరు కుళాయి దగ్గరికి వచ్చారు కదా. మా ఇంటి మేడ మీద బట్టలు ఆరేస్తూ చూశాను. గబగబా కిందికి దిగి తల దువ్వుకున్నా, పుస్తకాలు సంచిలో పెట్టుకున్నా. 'పోవే, మీ టీచర్ వచ్చింది, నన్ను మీ అత్త చూసుకుంటుందిలే' అని నాయనమ్మే తొందరపెట్టింది. ఎంతసేపటికీ తలుపు చప్పుడు కాలేదు. మళ్ళీ మేడెక్కి చూస్తే మీరు వెళ్ళిపోతున్నారు. పిలుద్దామనుకున్నా, నోరు రాలేదు. మీరు మలుపు తిరిగాక కిందికి వచ్చి, రేపట్నుంచి పనికి వెళ్తానని అత్తకు చెప్పేశాను."

లోపలి నుంచి ఎవరో కేకేశారు. ఆ పిల్ల "వస్తున్నా" అని, దుప్పట్ల మూట ఒకటి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.