నోరీన్ పట్టిన చేప

లా గార్సా చెరువు గేటు ముందు తెల్లవారకముందే ట్రక్కులు బారు తీరతాయి. వసంతం వచ్చిందంటే ఆ బారు కొండ మలుపు దాటిపోతుంది. ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు, పెళ్లాన్ని పోగొట్టుకున్నవాళ్లు, రెండూ పోయినా గాలం మాత్రం వదలనివాళ్లు, అందరూ అక్కడే ఉంటారు. అందరిదీ ఒకటే పిచ్చి. ప్రపంచంలో ఇప్పటిదాకా ఎవరూ పట్టనంత పెద్ద బాస్ చేప కాలిఫోర్నియాలో, అదీ మా చెరువులోనే ఉందని, అది తన గాలానికే రాసిపెట్టి ఉందని ప్రతివాడి నమ్మకం.

ఆ మగమందలో నోరీన్ గాడ్బీ ఒక్కతే ఆడది. స్కూలు బస్సు నడుపుతుంది. సెలవు దొరికితే చాలు, చెరువు మీదే. "నువ్విక్కడుంటే ఇంట్లో వంటెవరు చేస్తున్నారు నోరీన్?" అని ఎవడో ఒకడు అడగని రోజు లేదు. మొదట్లో నవ్వేది. తర్వాత వినపడనట్టు ఊరుకునేది. ఈ మధ్య "మీ అమ్మ" అంటోంది. ఇరవై ఏళ్లుగా అదే జోకు వింటే ఎవరికైనా నోరు అలాగే తిరుగుతుంది మరి.

ఆ ఏడాది ఆ చేపను మొదట చూసింది ఆమే. ఆనకట్టకు ఇవతల తుంగ చాటున, మగచేప తోకతో ఊడ్చి చేసిన గూడులో, గుడ్లు పెట్టడానికి వచ్చి నిలబడింది. చలికాలమంతా ఆదివారం సరదాకి గాలం వేసే జనం కోసం చెరువులో వదిలిన ట్రౌట్ చేపల్ని మింగి మింగి బలిసిన ఆడచేప. వీపు వెడల్పు చూసి నోరీన్ మొదట ములిగిన దుంగ అనుకుంది. దుంగ కళ్లు తిప్పేసరికి ఆమెకు నోట తడారిపోయింది.

గుడ్లు పెట్టే వేళ బాస్ ఆకలికి కరవదు, కోపానికి కరుస్తుంది. గూడులోకి ఏది దూరినా నోటితో పట్టి బయటికి విసిరేస్తుంది. అంచేత దాన్ని పట్టడమంటే దానికి ఒళ్లు మండించడమే. ఎరను గూడులో పడెయ్యాలి, కదపాలి, తియ్యాలి, మళ్లీ అక్కడే పడెయ్యాలి. విసిగించడమనే విద్యలో నోరీన్‌కు గురువు కొరత లేదు. ఆమెకు డ్వేన్ అని ఒక అన్న ఉన్నాడు.

డ్వేన్ చెడ్డవాడు కాదు. అదే అసలు చిక్కు. చెడ్డవాడైతే ఒకసారి కడిగేసి తలుపేసుకోవచ్చు. ఇతను సాయం చేసే రకం. చెల్లెలు సీసా మూత తిప్పుతుంటే చేతిలోంచి లాక్కుని తనే తిప్పేస్తాడు. ఫోనులో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతుంటే "ఇటియ్యి, నేను చెప్తా" అని లాక్కుంటాడు. కొండదారిలో నలభై మంది పిల్లల్ని తిప్పే మనిషి బండి వెనక్కి తీస్తుంటే, వెనకాల నిలబడి "రా, రా, ఆపు" అని చేతులూపుతాడు. ఏమన్నా అంటే ముఖం ముడుచుకుని, "ప్రేమ కొద్దీ చేశానే" అంటాడు. ప్రేమ కొద్దీ చేసే అన్యాయానికి కేసు పెట్టే కోర్టు ఏ దేశంలోనూ లేదు.

అయినా అతన్నే పడవ ఎక్కించుకోక తప్పలేదు. రికార్డుకు సాక్షి కావాలి, ఆఖర్న వల పట్టే మనిషీ కావాలి. రేవులో ఉన్న మిగతావాళ్లకు ఆ గూడు చూపించడమంటే పాలకుండను పిల్లికి అప్పజెప్పడమే.

"అన్నయ్యా, నా కళ్లలోకి చూసి విను," అంది నోరీన్, పడవ తాడు విప్పుతూ. "చేప పడ్డాక నువ్వు గాలం రాడ్డు ముట్టుకోకూడదు. నేను నీళ్లలో పడ్డా సరే, ముట్టుకోకూడదు. నీ పని వల."

"ఒసేయ్, నేనేమన్నా నిన్న పుట్టానా? వేరేవాళ్ల వేలు తగిలితే రికార్డు పోద్దని ఇక్కడ చంటిపిల్లలక్కూడా తెలుసు."

"తెలియడం వేరు. నీ చేతులకి తెలియాలి."

"నా చేతులకేమైందే?" అని డ్వేన్ వాటిని తిప్పి చూసుకున్నాడు, నిజంగానే అర్థంకాక.

పొద్దు బాగా ఎక్కేదాకా చేప వాళ్లను లెక్కచెయ్యలేదు. తెల్ల రబ్బరు ఎర గూడులో పడితే పక్కకు జరిగేది, తీస్తే మళ్లీ వచ్చేది. డ్వేన్ మాత్రం నోరు ముయ్యలేదు. కొంచెం ఎడమకెయ్యమన్నాడు, ఎర మార్చమన్నాడు, ఒక్కసారి తన చేతికిస్తే చూపిస్తానన్నాడు. నోరీన్ పళ్లు బిగించి వేస్తూనే ఉంది. ఏ నూరోసారో చేప తోక గట్టిగా ఆడింది. మొప్పలు విచ్చుకున్నాయి. ఎర తెల్లదనం గబుక్కున మాయమైంది.

ఆమె రాడ్డును రెండు చేతులా ఒక్క ఊపున పైకి గుంజింది. గాలం దిగింది.

ఆ తర్వాతంతా రాడ్డు వంగడం, దారం కీచుమనడం, నోరీన్ మోకాలు పడవ అంచుకు కొట్టుకోవడం. చేప లోతుకు లాగింది, తిరిగింది, పడవ కిందికి దూరింది. దారం మోటారు వైపు జారుతుంటే రాడ్డు కొనను నీళ్లలో ముంచి దారాన్ని పడవ చుట్టూ తిప్పి తెద్దామని ఆమె ముందుకు వంగింది. అది సరైన ఎత్తుగడ. ఇంకొక్క రెప్పపాటులో దారం విడిపడేది.

ఆ రెప్పపాటులోనే డ్వేన్ చెయ్యి వచ్చింది. ఆమె రెండు చేతుల మధ్య రాడ్డును గుప్పెట పట్టి పైకి లాగింది.

"వదులు!" నోరీన్ అరుపు ఆనకట్టకు తగిలి తిరిగొచ్చింది. మోచేత్తో అతని డొక్కలో పొడిచింది. అతను వదిలేశాడు. ఆమె దారాన్ని పడవ చుట్టూ తిప్పింది, చేపను తేల్చింది. డ్వేన్ ఏడుస్తూ, నవ్వుతూ వల వేశాడు. చేప పడవలో పడింది. నోరు తెరిస్తే అందులో మనిషి తల పడుతుంది.

"నువ్వు ముట్టుకున్నావు," అంది నోరీన్.

"ఎక్కడే? నేనా?"

"పట్టి లాగావు."

డ్వేన్ ముఖంలో రంగు పోయింది. తను చేసింది అతనికి అప్పుడే తెలిసింది. అటూ ఇటూ చూశాడు. దగ్గర్లో పడవ లేదు. "ఎవరు చూశారే? నేను చచ్చినా చెప్పను. అమ్మ మీద ఒట్టు. ఇది నీ చేప."

నోరీన్ జన్మలో ఎప్పుడూ చేప బరువు అబద్ధం చెప్పని మనిషి. రేవు దాకా మోటారు నడుపుతూ మనసులో ఆ అబద్ధాన్ని ఎత్తి చూసుకుంది, దించింది, మళ్లీ ఎత్తింది. పడవ వెనకాల నీళ్ల తొట్టిలో చేప తోక ఆడిస్తూనే ఉంది.

రేవు చూసే పెద్దాయన పేరు ఓచోవా. సర్కారు ముద్ర ఉన్న కాటా ఆయన దగ్గరే ఉంటుంది. తడి సంచిలో చేపను వేలాడదీసి, ఒకసారి చూశాడు, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "ప్రపంచ రికార్డు దాటింది," అన్నాడు. పరిగెత్తుకొచ్చిన జనంతో రేవు బల్లలు ఊగాయి. వంటెవరు చేస్తున్నారని అడిగే కర్టిస్ కూడా టోపీ తీశాడు. నోరీన్‌కు ఇరవై ఏళ్లుగా ఆ టోపీ ఊడటం కోసమే బతికానా అని సిగ్గేసింది.

"అమ్మా నోరీన్," అన్నాడు ఓచోవా, చేపను నీళ్ల తొట్టిలో పెట్టి. "అడగాలి కాబట్టి అడుగుతున్నా. మొదటినుంచీ ఆఖరిదాకా రాడ్డు నీ చేతుల్లోనే ఉందా?"

ఆమె నోరు తెరిచింది. ఏం చెప్పబోయిందో ఆమెకే తెలియదు. తెలుసుకునే వీలు కూడా దక్కలేదు, ఎందుకంటే పక్కనే డ్వేన్ చేతులు తిప్పుతూ కర్టిస్‌కు కథ చెప్తున్నాడు.

"పడవ కిందికి దూరేసింది గురూ! దీని పనైపోయింది. ఆడమనిషి, ఎంతకని ఆపుద్ది? నేనుండబట్టి సరిపోయింది. ఇలా రాడ్డు పట్టుకుని ఒక్క లాగు లాగానూ..."

గాలిలో గుప్పెట అలాగే ఆగిపోయింది. ఓచోవా కళ్లద్దాలు తీసేసి జేబులో పెట్టుకున్నాడు. అంతకన్నా తీర్పు ఏముంది.

అప్పుడు జరిగింది వినండి. ఆ మగవాళ్లంతా వెళ్లి డ్వేన్ భుజం తట్టారు. "పాపం, ఎలా తట్టుకుంటాడో", "ఆ కంగారులో ఎవరైనా అంతే బ్రదర్" అన్నారు. డ్వేన్ వెక్కి వెక్కి ఏడుస్తుంటే కర్టిస్ చన్నీళ్లు తాగించాడు. నోరీన్‌కు ఒక్కడూ ఎదురుపడలేదు. దొంగను ఓదార్చడానికి ఊరంతా కదిలింది, సొమ్ము పోయిన మనిషి దారికి అడ్డమైంది.

డ్వేన్ ముక్కు తుడుచుకుని ఆమె దగ్గరికొచ్చాడు. ముఖంలో వెలుగొచ్చింది. "ఒసేయ్, ఏం మునిగిపోలేదే! దాన్ని తీసుకెళ్లి ఆ గూడులోనే వదిలేద్దాం. కాస్త తేరుకున్నాక నేను పట్టేస్తా. నువ్వు వల పట్టు. రికార్డు మనింట్లోనే ఉంటది కదా!"

నోరీన్ తొట్టి దగ్గరికి వెళ్లి చేపను రెండు చేతులా ఎత్తుకుంది. ట్రౌట్ పట్టేవాళ్లు చేపలు కోసుకునే బల్ల రేవు చివర ఉంది. దాని మీద పడుకోబెట్టి, అక్కడున్న కర్రతో తల మీద ఒక్కటి వేసింది.

మా చెరువులో పెద్ద బాస్‌ను చంపినవాళ్లు లేరు. పట్టాలి, తూచాలి, ముద్దు పెట్టి వదలాలి. కర్టిస్ కెవ్వుమన్నాడు. "మనిషివేనా నువ్వు? దాన్ని చంపుతావా?"

"ఇందాక నన్ను చంపినవాడికి మంచినీళ్లు తెచ్చావు కదరా," అంది నోరీన్. "ఇంకో గ్లాసు తెచ్చుకో."

కత్తి దించింది. పసుపుపచ్చని గుడ్లు బల్ల మీదికి జారాయి. అవి చూసినప్పుడు మాత్రం ఆమె చెయ్యి ఆగింది. చేసింది తప్పని తెలిసింది. ఈ గొడవలో ఏ పాపమూ ఎరగనిది ఇదొక్కటేనని కూడా తెలిసింది. ఆ ఎరుక కోపాన్ని తగ్గించలేదు, పెంచింది. కోసేసింది.

సాయంత్రం మొక్కజొన్నపిండిలో దొర్లించి వేయించుకుంది. అంత ముదురు చేప ఏం బాగుంటుంది? బురద వాసన, పీచు. నములుతోంది, మింగుతోంది, మళ్లీ పెట్టుకుంటోంది. డ్వేన్ తలుపు తట్టకుండానే లోపలికొచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. పళ్లెం వంక, పొయ్యి మీద ఇంకా మిగిలిన ముక్కల వంక చూశాడు.

"అంతా ఒక్కదానివే ఎలా తింటావే," అన్నాడు జాలిగా. "ఇటియ్యి, నేనూ ఓ చెయ్యేస్తా."

ఫోర్కు తీసుకుని వంగాడు. నోరీన్ పళ్లేన్ని తనవైపు లాక్కుంది.

"నేను పట్టాను," అంది, నోట్లో ముక్క నములుతూనే, కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా. "నేనే తింటా. కూర్చుని చూడు."