బండి డాక్టరు చేసిన సర్వీసింగు

వీధిలో ఎవరి బండి మొరాయించినా ముందు అతని గుమ్మమే తొక్కేవారు. బండి డాక్టరని పేరు. గుమాస్తా ఉద్యోగం పొట్టకూటికి, మనసంతా మాత్రం మెట్ల కింద నిలబెట్టిన మోటారు సైకిలు మీదే. "బండి ఆగితే కంగారు పడకూడదు. పెట్రోలు, నిప్పు, గాలి. మూడింట్లో ఏదో ఒకటి అలిగి ఉంటుంది, అదేదో కనుక్కోవాలి, అంతే" అని వచ్చినవాడికల్లా పాఠం చెప్పేవాడు. వచ్చినవాళ్లకు కాఫీ అందించీ అందించీ భార్యకు ఆ పాఠం కంఠతా వచ్చేసింది. ఆ సంగతి గురువుగారికి తెలియదు.

ఆమె నర్సు. మంచాన పడ్డ రోగులను ఇళ్లకు వెళ్లి చూసుకునే ఉద్యోగం చేతిదాకా వచ్చింది. అయితే వారంలోగా బండి లైసెన్సు చూపించాలి, లేదంటే అది వేరొకరికి పోతుంది. బండి నడపడం చెల్లెలి దగ్గర, ఆమె బండి మీదే నేర్చుకుంది. పరీక్షనాటికి చెల్లెలు ఊళ్లో లేకపోవడంతో మొగుడి బండే దిక్కయింది. ఇవ్వడానికి అతనికి ప్రాణం పోయినంత పనైంది. కానీ ఇచ్చాక ఊరుకుంటాడా? ముందురోజు సాయంత్రమంతా కూర్చుని ఇంజన్ ఆయిల్ మార్చాడు, క్లచ్ వైరు సర్దాడు, ఎయిర్ ఫిల్టరు విప్పి దులిపాడు. బాగున్నదాన్ని బాగుచేయడంలో అతన్ని మించినవాడు లేడు.

తెల్లారి ఆమెను వెనక ఎక్కించుకుని బయల్దేరితే బండి దారిపొడవునా దగ్గింది. "కొత్త ఆయిల్ కదా, సర్దుకోవాలి" అన్నాడు. పరీక్ష మైదానం చేరేసరికి బండి పూర్తిగా ఆగిపోయింది.

ఆఫీసరు గడియారం చూసుకుని, "మీ ముందు ఇద్దరున్నారమ్మా. వాళ్లదయ్యేలోపు స్టార్టయితే సరే, లేకపోతే వచ్చే నెలే" అన్నాడు.

ఆమె మొహం పాలిపోయింది. బండి డాక్టరు చొక్కా చేతులు మడిచాడు. పెట్రోలు నిండుగానే ఉంది. ప్లగ్గు విప్పి చూస్తే మసి పట్టి ఉంది. తుడిచి కిక్కు కొడితే నిప్పురవ్వ బాగానే వస్తోంది. మళ్లీ బిగించినా బండి ఉలకదు, పలకదు.

"చోక్ లాగి వదిలేశావు. పెట్రోలు ఎక్కువైంది, అందుకే ఈ మసి" అన్నాడు.

"నేను బండి ముట్టుకుంటే కదా!"

"అయితే నేనా వదిలేసింది? నా చేత్తో చేసిన పనిలో తప్పుంటుందా?" గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది అతని గొంతు.

ఒకరి పరీక్ష అప్పుడే అయిపోయింది. "పెట్రోలు చూశారు, నిప్పు చూశారు. మిగిలింది గాలే కదండీ?" అంటూ ఆమె స్క్రూడ్రైవరు అందుకుని పక్క మూత విప్పింది. ఫిల్టరు లాగితే దాని వెనక, ఇంజన్‌కు గాలి వెళ్లే గొట్టంలో, అతని చిరిగిన బనీను ముక్క ఇరుక్కుని ఉంది. దుమ్ము పడకూడదని నిన్న అతనే కుక్కి మరిచిపోయాడు.

ఆమె గుడ్డ లాగేసి, మూత బిగించి, నాలుగు కిక్కులు కొట్టింది. నల్లటి పొగ వదిలి బండి అందుకుంది. సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి. అయినా పరీక్షలో ఆమె ఎనిమిది అంకె ఆకారంలో కాలు కింద పెట్టకుండా తిరుగుతుంటే ఊపిరి బిగబట్టి చూశాడు. ఆఫీసరు పాసని చెప్పేసరికి పక్కనున్న అపరిచితుడితో "మా ఆవిడే! అంతా నా ట్రైనింగే!" అనకుండా ఉండలేకపోయాడు.

తాళం కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. "ఎక్కండి, నేను నడుపుతాను."

సొంత బండి మీద వెనక కూర్చోవడం అతనికి అదే మొదలు. ఎక్కి, కుడికాలు పెట్టుకునే కడ్డీ కోసం తడిమాడు. తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. తన్నినా కిందికి దిగలేదు.

"ఇదేమిటే, ఇలా ఉంది?"

"అది ఎప్పటినుంచో అంతే. ఎన్నిసార్లు చెప్పినా మీకు వినపడలేదు" అని ఆమె గేరు వేసింది. "కాలు కాస్త పైకెత్తి పట్టుకోండి. పోనుపోను అదే అలవాటవుతుంది."