జైనబ్ చెప్పగా రాసింది

మూడు గదులు ముగిసేసరికే సరళకుమారి గొంతు ఎండిపోయింది. డాక్టర్ల ఇంగ్లీషును అరబ్బీలోకి, రోగుల అరబ్బీని ఇంగ్లీషులోకి మార్చడం ఆవిడ ఉద్యోగం. వైద్యానికి ఢిల్లీ వచ్చే యెమెన్, సూడాన్ వాళ్లకి ద్వారకలోని ఆ ఆసుపత్రిలో నోరూ చెవీ ఆవిడే. యాభై ఏడేళ్ల మనిషి, వాచిన పాదాలు, మెడలో సన్నని సిలువ గొలుసు. లిఫ్టు దగ్గర నిలబడ్డ పదిమందిలో ఆవిడను రెండోసారి చూసేవాళ్లు ఉండరు.

నరసాపురం నుంచి నర్సుగా ఒమన్ వెళ్లిన కొత్తలో, అక్కడివాళ్లు ఎప్పుడూ తనను తిడుతున్నారనే అనుకునేది. భాష పట్టుబడ్డాక తెలిసింది, వాళ్లు అడిగేది అన్నం తిన్నావా అని. అన్నాళ్లూ ఉత్తపుణ్యానికి భయపడ్డ మనుషులందరికీ మనసులోనే క్షమాపణ చెప్పుకుంది. పద్దెనిమిదేళ్ల తర్వాత తిరిగొస్తే ‘ఇన్షా అల్లా’ కూడా నోట్లో పడి వచ్చేసింది. చర్చిలో ఒకసారి అది జారితే పాస్టరుగారు వారంపాటు మొహం ముడుచుకున్నారు. దేవుడికి రెండు భాషలూ వచ్చని మాత్రం ఆవిడ నమ్మకం.

భాషతోపాటు ఒక ముసలాయన కూడా వెంట వచ్చాడు. అక్కడి ఆసుపత్రిలో ఆయన కొడుకులు బతిమాలితే, రేపు ఇంటికి వెళ్లిపోతారని ఆయనకు అబద్ధం చెప్పింది. తెల్లారేసరికి ఉతికిన బట్టలు తొడుక్కుని, చెప్పులేసుకుని మంచం అంచున కూర్చున్నాడు. సాయంత్రానికి అలాగే పోయాడు. ఏ వార్డులో ఖాళీ మంచం కనిపించినా దాని అంచున ఆయన కూర్చునే ఉంటాడు. సరళకుమారి అటు చూడకుండా నడుస్తుంది.

నాలుగో గదిలో జైనబ్. యెమెన్ నుంచి కొడుకు తీసుకొచ్చాడు. ఇక రెండు రోజులు కూడా కష్టమని డాక్టర్ అరుంధతి పొద్దున్నే చెప్పేసింది. అమ్మకు చెప్పొద్దని అతను సరళకుమారిని వేడుకుని, ఎంబసీ కాగితాల కోసం వెళ్లాడు. అతను వెళ్లగానే జైనబ్ అడిగింది.

"నువ్వు చెప్పు. నేను మా ఇల్లు చూస్తానా?"

సరళకుమారి దుప్పటి సర్దింది. మళ్లీ సర్దింది.

"చూడలేవమ్మా," అంది అరబ్బీలో.

జైనబ్ ఏడవలేదు. కాగితం తెమ్మంది. రొప్పుతున్న ఈ గొంతు చెల్లెలు వినకూడదు, రాయమంది. "అమ్మ గాజులు నువ్వు తియ్యలేదు. అమ్ముకున్నది నేను. ఇరవై ఏళ్లు నిన్ను దొంగని చేశాను. నన్ను క్షమించు." సరళకుమారికి అరబ్బీ మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు. విన్నది విన్నట్టు తెలుగు అక్షరాల్లో రాసింది. కొడుకు రాగానే చెల్లెలి నంబరు తీసుకుని ఫోనులో చదివి వినిపిస్తానని మాటిచ్చింది. మధ్యాహ్నం భోజనాల బండి వచ్చేసరికి జైనబ్‌కి ఊపిరి లేదు.

కొడుకు వచ్చాక జరిగింది దాచకుండా చెప్పి, నంబరు అడిగింది.

"నువ్వు చెప్పింది చాలు. మా అమ్మను చంపింది నీ మాటే," అన్నాడతను.

భాష రాని రోజుల్లో అయితే అదొక అరుపు, అంతే. ఇప్పుడు ప్రతి మాటా లోపలికి దిగింది. అతను ఫిర్యాదు రాసిచ్చి మార్చురీకి వెళ్లిపోయాడు. ఇక ఆ కుటుంబం జోలికి వెళ్లొద్దని ఆఫీసు నుంచి ఫోను వచ్చింది.

"అతను చెప్పొద్దన్నాడు కదక్కా," అంది గుంటూరు నర్సు ఎల్సా, మంచం మీద కొత్త దుప్పటి పరుస్తూ. "ఎందుకు చెప్పావు?"

"అడిగిందే. మొహంలోకి చూస్తా అడిగితే ఎలాగ అబద్ధమాడేది?"

ఎల్సా మందుల బల్ల మీది కాగితం తీసింది. అక్షరాలు తెలుగే, ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఒకటో తరగతి పిల్లలా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదవసాగింది. సరళకుమారి చెవిలో అది మళ్లీ అరబ్బీ అయింది. గదిలో జైనబ్ చెల్లెల్ని క్షమించమని అడుగుతోంది.

"ఇక చాలే, అక్కడ పెట్టెయ్," అంది సరళకుమారి.

ఎల్సా పెట్టేసి వెళ్లిపోయింది. ఫ్యాను గాలికి కాగితం మడత విప్పుకుంది, మందుల చీటీ వెనక నీలం సిరాతో నాలుగు వరుసలు, చివరి వరుసలో జైనబ్ పేరు.