వెనక సీటు

మా ఇద్దరిదీ ఒకే చెప్పుల ఫ్యాక్టరీ. నేను తోలు కోస్తాను, నా భార్య కుట్టుమిషను మీద పని చేస్తుంది. మేనమామ కూతురు కాబట్టి పెళ్ళయ్యాక కూడా నన్ను బావా అనే పిలుస్తుంది. కోపం వస్తే మాత్రం ఏమీ పిలవదు, అది ఇంకా ప్రమాదం.

నా కాళ్ళలో సత్తువ పోతోందని డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. పోవడమే తప్ప తిరిగి రావడం ఉండదట. వాన పడుతుందని చెప్పినంత తేలిగ్గా చెప్పాడు, నాకు ఒళ్ళు మండింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు కదా! ఆ వారమే ఇద్దరు కలిసి తొక్కే పాత సైకిలు ఒకటి తెచ్చాను. రోజూ దాని మీదే పనికి వెళ్ళాలి, కాళ్ళకు బలం తెచ్చుకోవాలి, వానలు మొదలయ్యేలోపు సముద్రం దాకా తొక్కాలి. రెండు వందల కిలోమీటర్లు. తొక్కానంటే డాక్టరు మాట అబద్ధమైనట్టే. తొక్కలేకపోతే ఏమిటన్నది నేను ఆలోచించదలచుకోలేదు.

ముందు సీటు నాది, వెనక సీటు ఆమెది. ఆ సైకిలుకు రెండు జతల పెడళ్ళూ గొలుసులతో కలిసే తిరుగుతాయి. ఒక్కరు తొక్కినా ఇద్దరి కాళ్ళూ ఆడుతూనే ఉంటాయి. మొదట్లో ఫ్యాక్టరీ ముందున్న వంతెన ఎక్కలేక, దిగి నెట్టుకుంటూ పోయేవాళ్ళం. నెల తిరిగేసరికి దిగకుండా ఎక్కేశాను. ఆ తర్వాత పాట పాడుతూ ఎక్కాను. ఎంత సంతోషమో చెప్పలేను.

"వెనక కుదురుగా కూర్చోలేవా మరదలా? సైకిలు ఊగుతోంది" అని కసిరేవాణ్ణి.

"నీ పాటకి ఊగుతున్నాలే బావా" అనేది ఆయాసపడుతూ.

ఒకరోజు ఇంటికి వచ్చాక ఆమె మోకాళ్ళకు మందు రాసుకుంటుంటే, "పల్లకీ మోసేవాణ్ణి నేనైతే, ఎక్కి కూర్చున్న నీకు నొప్పులేంటి?" అని ఎకసెక్కమాడాను. ఆమె నవ్వి రెండో మోకాలికి రాసుకుంది.

ఇవాళ పొద్దున ఆమె లోపలికి వెళ్ళాక, ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉండే ముసలాయన నన్ను ఆపాడు.

"ఏమయ్యా, నీకు సిగ్గులేదా? వంతెన మీద ఆ తల్లి సీటు మీంచి లేచి నిలబడి, పళ్ళు బిగబట్టి తొక్కుతుంటే, నువ్వు దర్జాగా పాటలు పాడుకుంటూ వస్తావా?"

పరాచికానికే అన్నాడు. నేనూ నవ్వాను. కానీ ఆ పూట కోసిన తోలంతా వంకర పోయింది.

సాయంత్రం వంతెన ఎక్కుతూ, అనుమానం రాకూడదని ఎప్పటిలాగే పాట అందుకున్నాను. సగం దూరం వెళ్ళాక తొక్కడం మానేశాను. పాదాలు ఊరికే పెడళ్ళ మీద ఆనించి ఉంచానంతే. సైకిలు ఆగిపోవాలని, ఆగకపోతే కాస్త తడబడనైనా తడబడాలని ఎంత కోరుకున్నానో! వేగం రవ్వంత కూడా తగ్గలేదు. నా ప్రమేయం లేకుండానే నా కాళ్ళు తిరుగుతున్నాయి. వాటిని చూస్తే భయం వేసింది.

"ఇవాళ భలే తొక్కుతున్నావు బావా!" అంది ఆమె వెనకనుంచి, ఊపిరి అందక. "సముద్రం... చూసేస్తాం."

"చూసేస్తాం" అన్నాను. ఇంకేమంటాను?